హైస్కూల్ పిల్లలకి కాంక్రీట్ నేర్పడం: నీళ్ళ తొట్టి ప్లాట్‌ఫామ్ కేస్ స్టడీ

అమెరికాలో హైస్కూల్ స్థాయిలో అగ్రికల్చరల్ మెకానిక్స్ అనే సబ్జెక్ట్ ఉంటుంది, 1917లో వచ్చిన స్మిత్-హ్యూస్ చట్టం దగ్గర్నుంచి ఫెడరల్ డబ్బుతో నడుస్తున్న వ్యవసాయ విద్యలో ఇదొక భాగం. వెల్డింగ్, చిన్న ఇంజిన్లు, కరెంటు వైరింగ్, ప్లంబింగ్, వీటితో పాటు కాంక్రీట్ కూడా. నేను చెప్పేది ఈ కాంక్రీట్ యూనిట్ గురించే. చాలా చోట్ల దీన్ని ఎలా కానిచ్చేస్తారంటే ఒకరోజు బస్తాలు తెచ్చి కలిపి ఒక చిన్న దిమ్మె పోయించి తాపీతో నున్నగా రుద్దించి మార్కులు వేసేస్తారు, పిల్లలకి గుర్తుండేది తాపీ ఒక్కటే. పదకొండో తరగతి పిల్లలు 16 మందితో ఈ యూనిట్‌ని ఇంకోలా నడిపిన కేసు ఇది, ఏం చేశామో ఎందుకు చేశామో వరసగా రాస్తున్నా, ఇలాంటి క్లాస్ చెప్పేవాళ్ళు ఎవరికైనా పనికొస్తుందని.

ముందు పని ఏంటో చెప్తా. స్కూల్ పశువుల షెడ్ పక్కన నీళ్ళ తొట్టి ఉంది, దాని చుట్టూ ఎప్పుడూ బురదే. పశువులు ఒకే చోట నిలబడి తొక్కీ తొక్కీ గుంట పడిపోయింది, చలికాలంలో అది గడ్డకట్టి గిట్టలకి దెబ్బలు. అక్కడ 8 అడుగులు 12 అడుగులు, 4 అంగుళాల మందం కాంక్రీట్ ప్లాట్‌ఫామ్ పోయాలి. పిల్లల చేతుల మీదుగా జరగాలి, పదేళ్ళు నిలబడాలి. ఈ రెండో మాట నేను మొదటి రోజే బోర్డు మీద రాశా, ఎందుకంటే స్కూల్ ప్రాజెక్టు అనగానే ఎలా ఉన్నా పర్లేదులే అనే ధోరణి ఒకటి వచ్చేస్తుంది, పశువుకి మాత్రం అది స్కూల్ ప్రాజెక్టా కాంట్రాక్టర్ పోసిందా తెలీదు కదా.

క్లాసులో సగం మంది పొలాల్లో పెరిగినవాళ్ళే. ఇంట్లో కాంక్రీట్ పోస్తుంటే చూశారు, పార పట్టుకున్నారు, కాబట్టి వాళ్ళకి ఒక అలవాటు కూడా ఉంది, మాల్ గట్టిగా అనిపిస్తే పైపు పెట్టి నీళ్ళు కొట్టడం. లాగడానికి తేలిక, సర్దడానికి తేలిక, పైన నున్నగా కూడా వస్తుంది, ఆ రోజుకి అన్నీ లాభాలే. నష్టం కనపడేది తర్వాత ఎప్పుడో, అప్పటికి పోసినవాడు అక్కడ ఉండడు. అందుకే కాంక్రీట్ నేర్పడంలో అసలు కష్టం ఇదే అని నా నమ్మకం. వెల్డింగ్‌లో తప్పు చేస్తే అక్కడికక్కడే తెలుస్తుంది, కాంక్రీట్‌లో తెలియదు. తప్పుకీ ఫలితానికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని తగ్గించి పిల్లాడి కళ్ళ ముందు పెట్టగలిగితే మిగతావన్నీ వాడే నేర్చుకుంటాడు. నీళ్ళు ఎక్కువ పోయొద్దురా అని వందసార్లు చెప్పే బదులు, ఎక్కువ నీళ్ళు పోసిన కాంక్రీట్‌ని వాడి చేతే విరగ్గొట్టించాలి, అదీ అసలు పోత కంటే ముందే.

దానికి ముందు ఒక చిన్న క్లాస్ మాత్రం థియరీ చెప్పా. సిమెంట్ ఆరితే గట్టిపడుతుంది అని దాదాపు అందరూ అనుకుంటారు, అది కాదు. సిమెంట్ నీళ్ళతో రసాయనికంగా కలిసి కొత్త పదార్థంగా మారుతుంది, దీన్నే హైడ్రేషన్ అంటాం, నీళ్ళ అడుగున పోసినా గట్టిపడేది అందుకే. ఈ చర్యకి సిమెంట్ బరువులో ఇంచుమించు పావు వంతు నీళ్ళు చాలు. మనం కలిపేది అంతకు రెట్టింపు దాకా ఉంటుంది, ఆ మిగతాది కేవలం మాల్ కదలడానికి. ఆ మిగులు నీళ్ళు తర్వాత ఎగిరిపోయి, అవి ఉన్న చోట సన్నటి రంధ్రాలు మిగుల్తాయి. ఎన్ని రంధ్రాలుంటే అంత బలహీనం, అంతగా నీళ్ళు లోపలికి పీలుస్తుంది. నీళ్ళకీ సిమెంట్‌కీ ఉన్న ఈ నిష్పత్తే బలాన్ని నిర్ణయిస్తుందని డఫ్ ఏబ్రమ్స్ 1918లో చికాగోలో వరస ప్రయోగాలు చేసి చెప్పాడు, వందేళ్ళు దాటినా మిక్స్ డిజైన్ ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది.

ఇక ప్రయోగం. నలుగురేసి నాలుగు గుంపులు. ప్రతి గుంపుకీ 10 పౌండ్ల సిమెంట్, 22 పౌండ్ల ఇసుక, 25 పౌండ్ల సన్న కంకర, ఇవన్నీ ఒకటే, మారేది నీళ్ళే. మొదటి గుంపుకి 4.5 పౌండ్లు, రెండో గుంపుకి 6, మూడో గుంపుకి 7.5. నాలుగో గుంపుకి మొదటి గుంపు మిక్సే, కానీ పోశాక క్యూరింగ్, అంటే కొన్ని రోజులు తడిగా ఉంచడం, ఉండదు, మర్నాడు అచ్చులోంచి తీసి స్కూల్ వర్క్‌షాపులో ఫ్యాన్ గాలికి వదిలేయాలి. మిగతా మూడు గుంపులవీ నీళ్ళ తొట్టిలో ముంచి ఉంచుతాం. అన్నీ 2 అంగుళాల చదరపు కోత, 28 అంగుళాల పొడవు ఉన్న చిన్న బీములు, ప్లైవుడ్ అచ్చులు పిల్లలే చేసుకున్నారు.

ఇక్కడ ఇసుక దగ్గర ఆగి కొంచెం ఎక్కువ టైం పెట్టా, పెట్టాలి కూడా. ఇసుక గుట్టలోంచి తీసింది తడిగా ఉంది. 1000 గ్రాములు తూచి పెనం మీద వేడి చేసి మళ్ళీ తూస్తే 950 చిల్లర వచ్చింది, అంటే దాదాపు 5 శాతం నీళ్ళు. 22 పౌండ్ల ఇసుకలో అది ఒక పౌండు పైమాటే. మొదటి గుంపు కలపాల్సిందే నాలుగున్నర పౌండ్లు, అందులో దగ్గర దగ్గర పావు వంతు మనం ఒక్క చుక్క పోయకముందే ఇసుకలో దాక్కుని ఉందన్నమాట! ఈ లెక్క వాళ్ళే వేసి వాళ్ళే కాసేపు సైలెంట్ అయిపోయారు. ఇంకోటి కూడా ఉంది, కొంచెం తడిసిన ఇసుక ఉబ్బుతుంది, రేణువుల మధ్య నీటి పొర చేరి అవి దూరం జరగడం వల్ల ఘనపరిమాణం 20, 30 శాతం దాకా పెరగొచ్చు, అందుకని పారలతో, బకెట్లతో కొలిస్తే నిజంగా పడే ఇసుక తక్కువ. పొడి ఇసుకతో ఒక బకెట్ నింపి తూచి, తడి ఇసుకతో అదే బకెట్ నింపి తూచి చూపిస్తే ఇంక వాదన ఉండదు. బరువుతో కొలవడం ఎందుకో నేను వేరే చెప్పక్కర్లేకపోయింది.

కలిపేటప్పుడు ఏమైందంటే మొదటి గుంపు తిట్టుకుంటూ కలిపింది, మాల్ పార మీంచి దిగదు, అచ్చు మూలల్లోకి కడ్డీతో పొడిచి పొడిచి దింపాలి. మూడో గుంపుకి హాయిగా జావలా జారిపోయింది, వాళ్ళ బీములు చూడ్డానికీ నున్నగా వచ్చాయి. ఏ బీము బాగుంది అని అడిగితే క్లాసంతా మూడో గుంపువే చూపించింది. ఆ మాట నోట్‌బుక్కుల్లో రాయించా, పేరు, తేదీ వేసి.

ఏడు రోజులాగి విరగ్గొట్టాం. స్కూల్ షాపులో ఉండే హైడ్రాలిక్ ప్రెస్‌తో బలం కొలవడానికి మామూలుగా వాడే 6 అంగుళాల కాంక్రీట్ సిలిండర్ పగలగొట్టడం కుదరదు, 3000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) కాంక్రీట్ అయితే 28 చదరపు అంగుళాల మీద 85,000 పౌండ్లు, అంటే 40 టన్నుల పైన కావాలి, ప్రయత్నించడం ప్రమాదం కూడా. కానీ బీము అయితే బకెట్ చాలు. రెండు ఆధారాల మధ్య 24 అంగుళాలు వదిలి బీము పెట్టి, మధ్యలో గొలుసుతో బకెట్ వేలాడదీసి ఇసుక పోస్తూ పోవడమే. 3000 పీఎస్ఐ కాంక్రీట్ వంగేటప్పుడు తట్టుకునే లాగుడు ఇంచుమించు 400 పీఎస్ఐ, ఆ లెక్కన ఈ బీము 90 పౌండ్ల దగ్గర విరగాలి. బకెట్ నేలకి రెండంగుళాల ఎత్తులోనే ఉండేలా కింద చెక్కలు పేర్చాం, అందరికీ కళ్ళద్దాలు, కాళ్ళు దూరం.

గట్టి మిక్స్ బీములు 90 దాటాయి. 7.5 పౌండ్ల నీళ్ళ బీముల్లో ఒక్కటి కూడా ఆ దరిదాపులకి రాలేదు, చప్పుడు కూడా లేకుండా విరిగిపోయాయి. మధ్య గుంపువి మధ్యలో. నన్నడిగితే క్లాసుని ఎక్కువ కదిలించింది నాలుగో గుంపు. మిక్స్ అంతా మొదటి గుంపుదే, కష్టపడి కలిపారు, కష్టపడి కుదించారు, క్యూరింగ్ లేక బాగా ముందే విరిగాయి. ఒకమ్మాయి, "సార్, మేం తప్పేం చేయలేదు కదా" అంది. చేయలేదమ్మా, చేసిన పనిని కాపాడుకోలేదు అంతే. విరిగిన ముక్కలు పక్కపక్కన పెట్టి విరుపు మొహం భూతద్దంతో చూడమన్నా, పల్చటి మిక్స్‌లో కంకర అంతా అడుక్కి దిగిపోయి పైన ఉత్త ఇసుక సిమెంటే ఉంది. నున్నగా కనపడిన ఆ పైభాగమే అన్నిటికన్నా బలహీనమైన భాగం.

పనిలో పనిగా ఇంకో రెండు బీముల్లో పావు అంగుళం కడ్డీ పెట్టి పోశాం, ఒకదాంట్లో పైకి, ఒకదాంట్లో కిందకి. పైన కడ్డీ ఉన్నది కడ్డీ లేనిదానిలాగే పగిలింది. కింద ఉన్నది పగిలినా పడిపోలేదు, బకెట్ నిండినా మోస్తూనే ఉంది. కాంక్రీట్ నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు, లాగుడు బలం నొక్కుడు బలంలో సుమారు పదో వంతే. కడ్డీ ఎక్కడుందన్నదే ముఖ్యమని చూసిన పిల్లలు తర్వాత అసలు పోత రోజు రాడ్లని నేలమీద, కాంక్రీట్ లోపల లేకుండా వదిలేయలేదు, చిన్న కాంక్రీట్ బిళ్ళల మీద మధ్య మందంలో నిలబెట్టి కట్టారు. నేలమీద పరిచేసి పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతాంలే అనే పద్ధతి చాలామంది చేస్తారు, లాగిన రాడ్ మీద మళ్ళీ మనిషి కాలు పడుతుంది, అది మళ్ళీ కిందకే పోతుంది. నేను ఒప్పుకోను దాన్ని.

క్వాంటిటీ లెక్క దగ్గర ఊహించినట్టే అయింది. 8 ఇంటూ 12 ఇంటూ 4, 384 ఘనపు అడుగులు, 27తో భాగిస్తే 14 ఘనపు గజాలు సార్, అని ముగ్గురు నలుగురు చెప్పారు. అంగుళాలని అడుగుల్లోకి మార్చలేదు. నేను తప్పు అనలేదు, ఒక పెద్ద రెడీమిక్స్ ట్రక్కులో ఎంత పడుతుంది అని అడిగా, పది గజాల చుట్టుపక్కల. మరి మన చిన్న ప్లాట్‌ఫామ్‌కి ట్రక్కున్నర కావాలా అంటే వాళ్ళే నవ్వుకుని సరి చేసుకున్నారు. 32 ఘనపు అడుగులు, 1.2 గజాలు, పదిశాతం వృథాకి కలిపితే 1.3. దీన్నే 80 పౌండ్ల బస్తాల్లో లెక్కేయమన్నా, ఒక బస్తాకి 0.6 ఘనపు అడుగు వస్తుంది, అంటే 59 బస్తాలు, నాలుగువేల ఏడువందల పౌండ్లు మోసి కలపాలి, ఆఖరి బస్తా కలిపేసరికి మొదటిది గట్టిపడుతుంది. ట్రక్కే నయం అని క్లాసే తేల్చింది. ఒకటిన్నర గజం ఆర్డర్, 4000 పీఎస్ఐ, స్లంప్ (శంకువు అచ్చు తీసేస్తే పచ్చి మాల్ ఎంత కుంగుతుందో ఆ కొలత) 4 అంగుళాలు, 6 శాతం గాలి. గాలి ఎందుకంటే తొట్టి నీళ్ళు ఎప్పుడూ చింది ఆ కాంక్రీట్ తడిగానే ఉంటుంది, నీళ్ళు గడ్డకడితే 9 శాతం వ్యాకోచిస్తాయి, ఆ ఒత్తిడికి చోటిచ్చేవి కంటికి కనపడని ఈ గాలి బుడగలే. ఇవి లేని కాంక్రీట్ ఒకటి రెండు చలికాలాల్లోనే పైన పెచ్చులూడొచ్చు.

మార్కింగ్, మట్టిపని త్వరగా చెప్పేస్తా. మూలమట్టం 6, 8, 10 అడుగుల భుజాల లంబకోణ త్రిభుజంతో, తర్వాత రెండు కర్ణాలూ 14 అడుగుల 5 అంగుళాలు వచ్చేదాకా సర్దుకున్నారు. బురదంతా తోడేసి 4 అంగుళాల కంకర పోసి కంపాక్టర్‌తో దట్టించారు. వాలు అడుక్కి పావు అంగుళం, 8 అడుగులకి 2 అంగుళాలు, తొట్టి వైపు నుంచి బయటికి. లెవెల్‌గా ఉండటమే మంచి పని అనుకునే పిల్లలకి కావాలని వాలుగా పెట్టడం కొంచెం వింతగా ఉంటుంది, రసమట్టం కింద 2 అంగుళాల చెక్కముక్క పెట్టి చూపిస్తే అర్థమైపోతుంది.

సేఫ్టీ గురించి మాత్రం త్వరగా చెప్పను. పచ్చి కాంక్రీట్ పీహెచ్ 12 నుంచి 13, అది గట్టి క్షారం, చర్మాన్ని కాలుస్తుంది, ప్రమాదం ఏంటంటే కాలుతున్నప్పుడు నొప్పి తెలియదు, కొన్ని గంటల తర్వాత తెలుస్తుంది. పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని ఫినిషింగ్ చేస్తారు, ప్యాంటు తడుస్తుంది, అదే ప్యాంటుతో మధ్యాహ్నమంతా తిరుగుతారు, సాయంత్రానికి మోకాలి చర్మం ఊడొస్తుంది. నా రూల్ ఏంటంటే రబ్బరు బూట్లు, నీళ్ళు దిగని చేతి తొడుగులు, కళ్ళద్దాలు, మోకాళ్ళ కింద పలక, ఇంకో జత బట్టలు బ్యాగులో ఉండాల్సిందే, బట్ట తడిసిన క్షణమే పని ఆపి కడుక్కుని మార్చుకోవాలి. ఇంకో జత తేనివాళ్ళకి ఆ రోజు చీటీ రాసే పని ఇచ్చా, కాంక్రీట్ దగ్గరికి రానివ్వలేదు. గట్టిపడిన కాంక్రీట్ కోసేటప్పుడు వచ్చే దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి అది శాశ్వత నష్టం, అందుకని మా క్లాసులో జాయింట్లు, అంటే పగులు రావాల్సిన చోట వేసే గాళ్ళు, పచ్చిగా ఉన్నప్పుడే గ్రూవర్ అనే గాడి పనిముట్టుతో వేస్తాం, పొడిగా కోయడం అనేదే లేదు.

పోత రోజు. యాభై నిమిషాల పీరియడ్‌లో కాంక్రీట్ పోయలేం, అది బెల్లు వినదు. ముందే మిగతా టీచర్లతో మాట్లాడుకుని ఉదయం మొత్తం తీసుకున్నా. ట్రక్కు రాగానే స్లంప్ టెస్ట్ పిల్లలే చేశారు, ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ సీ143 పద్ధతి. 12 అంగుళాల ఎత్తు శంకువు, అడుగు 8 అంగుళాలు, పైన 4, మూడు పొరలు, ఒక్కో పొరకి 25 పోట్లు, ఐదు సెకన్లలో నిటారుగా పైకి లాగాలి. నాలుగంగుళాల లోపే వచ్చింది. డ్రైవర్ మామూలుగా అందర్నీ అడిగినట్టే అడిగాడు, ఓ రెండు గ్యాలన్లు కలపనా, తేలిగ్గా జారుతుంది అని. గజానికి ఒక గ్యాలన్ నీళ్ళు కలిపితే స్లంప్ సుమారు అంగుళం పెరిగి బలం 150, 200 పీఎస్ఐ పడిపోతుందని ఈ పనిలో ఉన్నవాళ్ళ లెక్క. నేను నోరు తెరవలేదు. ఇంటి దగ్గర పైపు పెట్టి నీళ్ళు కొట్టడం అలవాటున్న కుర్రాడే ముందుకొచ్చి "వద్దండీ, మేం ఇలాగే లాక్కుంటాం" అన్నాడు. మూడో గుంపు బీము విరగ్గొట్టింది వాడే. నా దృష్టిలో యూనిట్ పరీక్ష అక్కడే జరిగిపోయింది, మిగతాదంతా చేతిపని.

చేతిపనిలో మాత్రం ఒక చోట బెడిసింది. సర్ది, బద్దతో పైన మిగులు కోసి, ఫ్లోట్ అనే చదును పలకతో రుద్దాక పైకి నీళ్ళు తేలతాయి, అవి ఆరిపోయి మెరుపు పోయేదాకా దాని జోలికి వెళ్ళకూడదు. ఖాళీగా నిలబడటం పదహారేళ్ళ వాళ్ళకి చాలా కష్టం. ఈశాన్యం మూల దగ్గర ఇద్దరు నీళ్ళు ఉండగానే మళ్ళీ తాపీ వేసి రుద్దేశారు, ఆ నీళ్ళు పై పొరలోకే కలిసిపోయాయి. చలికాలం దాటాక ఆ మూల అరచేయంత మేర పొట్టు లేచింది, మిగతా ప్లాట్‌ఫామ్ అంతా బాగుంది. దాన్ని రిపేర్ చేయించలేదు. తర్వాతి బ్యాచ్‌ని ముందు అక్కడికే తీసుకెళ్ళి చేత్తో తడిమి చూడమంటా, మిగతా చోటు కూడా తడిమి చూడమంటా, ఒకే ట్రక్కు, ఒకే రోజు, ఒకే మిక్స్.

పైన నున్నటి ఫినిష్ వద్దని ముందే అనుకున్నాం, పశువు జారుతుంది, పైగా గాలి బుడగలున్న బయటి కాంక్రీట్‌ని స్టీల్ తాపీతో గట్టిగా రుద్దితే పై పొర ఊడే ప్రమాదం. గరుకు చీపురు, వాలుకి అడ్డంగా. మధ్యలో ఒక జాయింట్, అంగుళం లోతు, మందంలో పావు వంతు, దానితో ఆరడుగులు ఎనిమిదడుగుల ముక్కలు రెండు వచ్చాయి. పగులు ఎలాగూ వస్తుంది, మనం చెప్పిన చోట రమ్మంటున్నాం అంతే, అది అలాగే ఆ గాడిలోనే వచ్చింది. తర్వాత తడి గోనెపట్టాలు, పైన ప్లాస్టిక్, ఏడు రోజులు. శని ఆదివారాలు ఎవరు తడపాలో నేను వంతులు వేద్దామనుకునేలోపే నాలుగో గుంపు వాళ్ళు మేం చూసుకుంటాం అని పేర్లు రాసిచ్చారు.

మార్కుల విషయం. ప్లాట్‌ఫామ్ ఎంత అందంగా ఉంది అనేదానికి నేను తక్కువే ఇచ్చా. ఎక్కువ మార్కులు ఒక్కొక్కరితో విడిగా పది నిమిషాలు మాట్లాడటానికి. విరిగిన ముక్క ఒకటి చేతికిచ్చి ఇది ఎందుకు ముందే విరిగిందో చెప్పు అని, లేదా కొత్త కొలతలిచ్చి ఎంత మాల్ ఆర్డర్ పెడతావో రాయమని. రాత పరీక్షలో వెనకబడే పిల్లలు కొందరు ముక్క చూసి నీళ్ళెక్కువా, క్యూరింగ్ లేదా, కుదించలేదా అని వేరు చేసి చెప్పారు. తేనెతుట్టెలా గుంటలు పడింది కుదించకపోవడం వల్ల, ఉత్త ఇసుక పొర తేలింది నీళ్ళ వల్ల అని కంటితో పట్టేశారు. అందరికీ రాలేదు, గజాల లెక్క ఇద్దరు ముగ్గురికి ఆఖరి దాకా తడబడుతూనే ఉంది, వాళ్ళకి ఇంకో రకంగా, నేలమీద సుద్దతో ఒక గజం గీసి పెట్టె కట్టి చూపించాల్సింది.

వచ్చేసారి మార్చేవి రెండు. బీముల ప్రయోగంలో ఐదో రకం చేర్చాలి, నీళ్ళు తేలి ఉండగా రుద్దిన చిన్న పలక ఒకటి, ఆరాక రుద్దిన పలక ఒకటి, రెండిటినీ రాత్రి ఫ్రీజర్‌లో పెట్టి పగలు నీళ్ళలో పెట్టి తిప్పుతూ పోతే పొట్టు లేవడం చలికాలం దాకా ఆగకుండా క్లాసులోనే చూడొచ్చు. రెండోది, పోత రోజు నీళ్ళు తేలే ఆ విరామంలో పిల్లలకి వేరే పని పెట్టాలి, పనిముట్లు కడగడం, మిగిలిన మాల్‌తో రెండు మూడు బీములు పోసి అదే ట్రక్కు కాంక్రీట్‌ని ఏడో రోజు, 28వ రోజు విరగ్గొట్టి చూడటం. అచ్చులు ఎలాగూ ఉన్నాయి, నూనె రాసి అటక మీద పెట్టించా.